వేడిలో వదులయ్యే బోల్టు

బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం నేను చిన్నప్పుడు ఒకే ఒక్కసారి చూశాను. చక్రం చుట్టుకొలత కన్నా పట్టాను ఒకింత చిన్నగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో ఎత్తి చక్రం మీద వేసి, వెంటనే నీళ్లు కుమ్మరిస్తారు. బుస్సుమని ఆవిరి లేస్తుంది, కర్రలు కిర్రుమంటాయి. ఇక ఆ పట్టా ఏళ్ల తరబడి కదలదు. వేడికి సాగింది, చల్లారి బిగిసింది. నేనిక్కడ రాయబోయేది దీనికి తలకిందులైన సంగతి. చల్లగా ఉన్నప్పుడు బిగించినది వేడెక్కితే ఎందుకు వదులవుతుంది?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురుకాలేదు. బీరంగూడలో మా చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయినప్పుడు మా మేనమామ తన వాటా అమ్మి, ఆ డబ్బులో కొంత పెట్టి ఒక పాత టర్బో డీజిలు కారు కొన్నాడు. పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు కిరాయికి తిప్పుతాడు. అందులో టర్బోచార్జరుకు పొగగొట్టం కలిసే చోట బోల్టులు నెలకోసారి వదులయ్యేవి. ఒక రాత్రి ఆస్పత్రికి తీసుకుపోతున్న ముసలమ్మ దారిలో “తలకాయ తిరుగుతున్నది బిడ్డా” అన్నదట. పొగ కారులోకి వస్తున్నది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడుకు వాసన కూడా ఉండదు. ఆ రోజు నుంచి మామకు నిద్ర లేదు. “ఎంత గట్టిగ బిగించినా ఊడుతనే ఉందిరా. సైన్సు సదువుతున్నవు గద, జెర చెప్పు” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సిగ్గేసింది.

టర్బోచార్జరు కొత్తదేమీ కాదు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బుషీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇంజను వదిలేసే వేడి వాయువుతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో ఇంజనులోకి ఎక్కువ గాలిని నెట్టించడం ఇందులో కిటుకు. బండి గట్టిగా లాగేటప్పుడు ఆ వాయువు వేడి డీజిలు ఇంజనులో 700 డిగ్రీల దాకా, పెట్రోలు ఇంజనులో 950 డిగ్రీల పైదాకా పోతుంది. పాపం, బోల్టు ఉండేది ఆ పొయ్యి పక్కనే.

బోల్టు పట్టి ఉంచేది దాని మరల వల్ల అని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ అట్లాగే అనుకున్నాను. నిజానికి బోల్టు ఒక బిరుసైన స్ప్రింగు. నట్టు తిప్పినకొద్దీ అది సాగుతుంది, వెనక్కి లాగే ఆ గుణంతోనే రెండు ఫ్లాంజిలను నొక్కి పెడుతుంది. 10 మి.మీ. లావు, 8.8 గ్రేడు ఉక్కు బోల్టును సరిగా బిగిస్తే సుమారు రెండున్నర టన్నుల బలంతో నొక్కుతుంది. ఇంత బలానికి 40 మి.మీ. పొడవు సాగేది ఎంతో తెలుసా? 0.09 మి.మీ. లోపే. ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం! ఆ వెంట్రుక వాసి సాగుడు పోతే బిగువు మొత్తం పోయినట్టే.

మామ కారులో ఆ వెంట్రుకను మూడుసార్లు మూడు రకాలుగా పోగొట్టారు.

మొదట ఉన్నవి 8.8 గ్రేడు బోల్టులే. ఆ ఉక్కుకు బలం వచ్చేది కాల్చి, చల్లార్చి, మళ్లీ 425 డిగ్రీలకు తగ్గకుండా టెంపరింగ్ చేయడం వల్ల. అంతకు దగ్గర వేడిలో గంటల తరబడి ఉంటే ఉక్కు మెల్లగా, శాశ్వతంగా సాగిపోతుంది. దీన్నే క్రీప్ అంటారు. బోల్టు తెగదు, మర చెడదు, కానీ లాగే గుణం తగ్గిపోతుంది. 10.9 గానీ 12.9 గానీ వేస్తే సరిపోతుందని ఒకాయన సలహా ఇచ్చాడు. పెద్ద అంకె చల్లని చోట బలానికి గుర్తు, వేడిని తట్టుకోవడానికి కాదు.

రెండోసారి స్ప్రింగు వాషర్లు వేశారు. వేడికి వాటి స్ప్రింగుదనమే పోయింది. అసలు చల్లగా ఉన్నా అవి పెద్దగా ఆపవు. అడ్డంగా వచ్చే కుదుపులకు నట్టు తనంతట తాను ఎట్లా తిరిగిపోతుందో జర్మనీకి చెందిన గెర్హార్డ్ యూంకర్ 1969లో పరీక్షలు చేసి చూపించాడు. నైలాన్ వలయం ఉన్న నట్టు ఇక్కడ పనికిరాదు. దాని హద్దు 120 డిగ్రీల దగ్గరే.

మూడోసారి తుప్పు పట్టదని ఒక షెడ్డులో తళతళలాడే స్టెయిన్‌లెస్ బోల్టులు వేశారు. అన్నిటికన్నా త్వరగా వదులైనవి అవే! మా భౌతికశాస్త్రం సారు దగ్గర కూర్చొని లెక్క వేస్తే కారణం దొరికింది. మామూలు స్టెయిన్‌లెస్ వ్యాకోచ గుణకం డిగ్రీకి పదిలక్షల్లో 17 వంతులు, పోత ఇనుముది 11. టర్బో గుల్ల పోత ఇనుము. 500 డిగ్రీలు వేడెక్కితే 40 మి.మీ. మీద తేడా 0.12 మి.మీ. మనం సాగదీసిందే 0.09. అంటే వేడిలో బోల్టు ఉత్తగా వేలాడుతున్నదన్నమాట. (ఫ్లాంజి నొక్కుకుపోవడాన్ని లెక్క సులువు కోసం వదిలేశాను, సారుకు తెలుసు.) దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. స్టెయిన్‌లెస్ ఫ్లాంజిలో మామూలు ఉక్కు బోల్టు వేస్తే, ఫ్లాంజి ఎక్కువ పెరిగి బోల్టును హద్దు దాటి సాగదీస్తుంది. చల్లారాక అది వదులు.

కనుక లోహాన్ని ఎంచుకొనేటప్పుడు వేడికి ఓర్పు, ఫ్లాంజితో సమానమైన వ్యాకోచం, రెండూ చూడాలి. పోత ఇనుముకు క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం కలిసిన ఉక్కు దగ్గరి జోడీ. స్టెయిన్‌లెస్ ఫ్లాంజికి ఎ-286 అనే మిశ్రలోహం సరిజోడు, 650 డిగ్రీల దాకా నిలుస్తుంది. ఖరీదు మాత్రం రైతు గుండె ఆగేటంత. ఇటువంటి సూపర్ అల్లాయిలు హైదరాబాదులోనే, 1973లో నెలకొన్న మిధానిలో తయారవుతాయి.

మిగతాది మా వీధిలో ఉండే తాత చెప్పాడు. ఆయన టర్బైన్ల పనిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. చెకొస్లొవేకియా సహకారంతో 1960లలో పక్కనే రామచంద్రాపురంలో వెలసిన బీహెచ్ఈఎల్ వల్ల మా దగ్గర ఇటువంటి తాతలు తక్కువేమీ లేరు. ఆవిరి టర్బైను గుల్ల దాదాపు 540 డిగ్రీల ఆవిరిని పట్టి ఉంచాలి. దాని పెద్ద స్టడ్లకు నడిమధ్య రంధ్రం ఉంటుందట. అందులో హీటరు దించి, స్టడ్డు వేడికి సాగాక నట్టును లెక్క ప్రకారం ఇంత కోణమని తిప్పి వదిలేస్తారు. చల్లారితే బిగుస్తుంది. “మీ బండి పట్టా లెక్కనే బిడ్డా” అని నవ్వాడు. పానాతో తిప్పే బలంలో సుమారు పదో వంతే సాగదీయడానికి పోతుంది, మిగిలిందంతా రాపిడికే. అందుకే మరకు నికెలు పొడి కలిసిన గ్రీజు రాయాలి, రాసినప్పుడు బిగింపు తగ్గించుకోవాలి.

చివరికి మేం రాణీగంజ్ నుంచి తెచ్చినవి క్రోమియం మాలిబ్డినం స్టడ్లు, పైభాగం నొక్కి అండాకారం చేసిన పూర్తి లోహపు నట్లు. స్టడ్డును 60 మి.మీ.కు పెంచి, కింద అదే ఉక్కు గొట్టం ముక్క వేశాం. పొడవు పెరిగితే సాగుడు కూడా 0.13 మి.మీ. అవుతుంది, నట్టు మంటకు కొంచెం దూరం జరుగుతుంది. రెండు మూడు ట్రిప్పులయ్యాక పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ బిగువు చూశాం. నట్టు మీద నుంచి ఫ్లాంజి మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీశాం, కదిలితే తెలియడానికి.

అయిదు నెలలైంది. గీత ఇంకా తెగలేదు. మామ మాత్రం డిక్కీలోంచి పానా తీయలేదు.