ప్రోస్టేట్ ఆపరేషన్ తరువాత పీఎస్ఏ పరీక్ష ఎందుకు మానకూడదు?

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్నవారు, వారి ఇంట్లోవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "గ్రంథి మొత్తం తీసేశారు కదా, ఇంకా రక్తపరీక్షలు ఎందుకండీ?" దీనికి జవాబుతో పాటు, కోలుకునే రోజుల్లో తీసుకోవలసిన జాగ్రత్తలను కూడా ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొదటి వారాలు

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయానికి కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. దానిని తీసివేసిన తరువాత మూత్రాశయాన్ని మూత్రనాళంతో కలిపి కుడతారు. ఆ కుట్టు మానేవరకు, సాధారణంగా ఒకటి రెండు వారాలు, కాథెటర్ అనే మూత్రపు గొట్టం ఉంచుతారు. మూత్రపు సంచిని ఎప్పుడూ నడుముకంటే కిందనే ఉంచండి. రోజూ కొద్దికొద్దిగా నడవండి. సుమారు ఆరు వారాలపాటు నీళ్ళ బిందె, బియ్యం మూట వంటి బరువులు ఎత్తవద్దు. మలవిసర్జనలో ముక్కవలసిన అవసరం రాకుండా నీళ్ళు, పండ్లు, ఆకుకూరలు తీసుకోండి.

జ్వరం వచ్చినా, గొట్టంలోంచి మూత్రం రాకపోయినా, రక్తపు గడ్డలు పడినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి చేసినా వెంటనే ఆసుపత్రికి రండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళండి.

సిగ్గుపడవద్దు

గొట్టం తీసిన తరువాత దగ్గినా, లేచినా మూత్రం కారడం చాలామందిలో ఉంటుంది. దీనికి సిగ్గుపడి కొందరు నీళ్ళు తాగడం తగ్గిస్తారు, పెళ్ళిళ్ళకు, ప్రయాణాలకు దూరమవుతారు. అలా చేయవద్దు. మూత్రాన్ని ఆపుకోవడానికి బిగించే కండరాలను 5 సెకన్లు బిగించి, 5 సెకన్లు వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలా చేయండి. గొట్టం ఉన్నప్పుడు మాత్రం ఈ వ్యాయామం చేయకూడదు. కొన్ని నెలల్లో చాలామందికి మూత్రం అదుపులోకి వస్తుంది. కొందరికి ఏడాది పడుతుంది.

అంగస్తంభన తిరిగి రావడానికి రెండేళ్ళ వరకు పట్టవచ్చు, కొందరికి పూర్తిగా రాకపోవచ్చు. చికిత్సలు ఉన్నాయి కాబట్టి భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టరును అడగండి. సొంతంగా మాత్రలు కొని వాడకండి. గుండెకు నైట్రేట్ మందులు వాడేవారికి అవి ప్రాణాపాయం.

పీఎస్ఏ ఏం చెబుతుంది?

పీఎస్ఏ అనేది ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ఒక ప్రోటీను. గ్రంథిని తీసివేశాక రక్తంలో దాని మోతాదు రెండు మూడు రోజులకొకసారి సగానికి పడిపోతుంది. అందుకే ఆపరేషన్ అయిన 6 నుంచి 8 వారాలకు మొదటి పరీక్ష చేస్తాం. అప్పటికి మిల్లీలీటరు రక్తంలో 0.1 నానోగ్రాము కంటే తక్కువ ఉండాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ల్యాబ్ రిపోర్టులో "నార్మల్: 0 నుంచి 4" అని అచ్చువేసి ఉంటుంది. అది గ్రంథి ఉన్నవారి లెక్క. మీ రిపోర్టులో 0.6 అని ఉంటే, పక్కన నార్మల్ అని ఉన్నా, మీకది నార్మల్ కాదు. పీఎస్ఏ 0.2 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, రెండోసారి చేసినా అలాగే ఉంటే జబ్బు తిరిగి వస్తున్నదని భావిస్తాం. ఆ సమయంలో నొప్పి గానీ, ఇతర బాధ గానీ సాధారణంగా ఉండదు. "నాకేం బాధ లేదు" అని పరీక్ష మానేయడం అందుకే ప్రమాదం.

ముందుగా తెలిస్తే లాభమేమిటి?

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 1999లో ప్రచురించిన పరిశోధనలో, పీఎస్ఏ పెరిగినా వెంటనే హార్మోను చికిత్స ఇవ్వనివారిలో జబ్బు ఇతర భాగాలకు పాకడానికి మధ్యస్థంగా 8 ఏళ్ళు పట్టింది. కొందరిలో ఇంకా త్వరగా పాకింది. అంటే చికిత్సకు వ్యవధి ఉంటుంది. కానీ పీఎస్ఏ ఇంకా తక్కువగా, 0.5 దాటకముందే ఉన్నప్పుడు రేడియేషన్ ఇస్తే మంచి ఫలితం వస్తుంది.

2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన రాడికల్స్ పరిశోధన ఇంకొక మంచి మాట చెప్పింది. ఆపరేషన్ కాగానే రేడియేషన్ ఇవ్వడం వల్ల, పీఎస్ఏ పెరిగినప్పుడు ఇవ్వడం కంటే అదనపు లాభం కనబడలేదు. పైగా మూత్ర సమస్యలు ఎక్కువయ్యాయి. కాబట్టి చాలామంది నిశ్చింతగా వేచి ఉండవచ్చు. అయితే పరీక్షలు మానకుండా చేయించుకునేవారికే ఆ నిశ్చింత.

గుర్తుంచుకోండి

1. మొదటి ఏడాది 3 నుంచి 6 నెలలకొకసారి, తరువాత ఆరు నెలలకు, ఆపైన ఏడాదికొకసారి పరీక్ష ఉంటుంది. మీ తేదీలను డాక్టరు నిర్ణయిస్తారు.
2. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి. యంత్రాన్ని బట్టి అంకెలు కొంచెం మారుతాయి.
3. ఒక్కసారి కొద్దిగా పెరిగిందని బెంబేలెత్తకండి. మళ్ళీ పరీక్ష చేసి నిర్ధారిస్తాం.
4. రిపోర్టులన్నీ ఒకే ఫైలులో, తేదీల వరుసలో ఉంచండి. ఆపరేషన్ తరువాత వచ్చిన బయాప్సీ రిపోర్టు కూడా అందులోనే పెట్టండి.
5. ఇంట్లోవారు తదుపరి పరీక్ష తేదీని క్యాలెండర్‌పై రాసి, ఆ రోజు పెద్దాయనకు గుర్తుచేయండి. రిపోర్టు రాగానే డాక్టరుకు చూపించండి.