మిథున్ - అడవిలో తిరిగే ఆస్తి

పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి మన ఇళ్ళలో "అచ్చోసిన ఆంబోతు" అని తిడతారు. ఈ తిట్టు తినకుండా మన హాస్టల్ దాటిపోయినవాడు ఉండడేమో! కోడెకు ముద్ర వేసి దేవుని పేరున వదిలేసే ఆచారం నుండి వచ్చిన మాట అది. అలా వదిలిన కోడెను కాడికి కట్టరు, చేను మేసినా కొట్టరు. ఒక జాతి జంతువంతా దాదాపు ఇట్లే బ్రతికే చోటు మన దేశంలోనే ఉంది.

ఆ జంతువు పేరు మిథున్. శాస్త్రీయ నామం బోస్ ఫ్రంటాలిస్. మన పాపికొండల్లోని అడవిదున్నకు దగ్గరి బంధువు. నల్లని ఒళ్ళు, మోకాళ్ళ కింద మేజోళ్ళు తొడిగినట్లు తెల్లని కాళ్ళు. 2019 పశుగణన ప్రకారం దేశంలో సుమారు 3.86 లక్షల మిథున్‌లు ఉంటే, వాటిలో 3.5 లక్షలు అరుణాచల్ ప్రదేశ్‌లోనే ఉన్నాయి. మిగిలినవి నాగాలాండ్, మణిపూర్, మిజోరం కొండల్లో.

వీటికి కొట్టం లేదు, పలుపు లేదు, గడ్డివామి లేదు. అడవిలో ఆకులు మేసి అక్కడే ఈనుతాయి. చెవికి పెట్టిన గాటును బట్టి ఎవరివో గుర్తుపడతారు. యజమాని అప్పుడప్పుడు ఉప్పు తీసుకొని అడవికి పోయి పిలుస్తాడు. అవి వచ్చి ఉప్పు నాకి మళ్ళీ వెళ్ళిపోతాయి. వాటిని మనిషికి కట్టి ఉంచేది ఆ ఉప్పే.

పాలు పితకడం, దున్నించడం వారి ఆచారంలో లేదు. మరి ఎందుకు పెంచుతారు? ఎన్ని మిథున్‌లు ఉంటే ఆ ఇంటికి అంత గౌరవం. నిషి, ఆది, గాలో తెగల్లో పెళ్ళికొడుకు వారు పెళ్ళికూతురు ఇంటికి మిథున్‌లు ఇస్తారు. (ఇక్కడ ఆడపిల్ల తండ్రి ఎద్దులమ్మి కట్నం ఇస్తాడు!) తగాదా తీర్పులో జరిమానా కూడా మిథునే. నాగాల్లో ఒకప్పుడు మిథున్‌ను బలి ఇచ్చి ఊరందరికీ విందు పెట్టినవాడే పెద్దమనిషి. ఆవో నాగాల సుంగ్‌కోటెప్సు శాలువా మీద మిథున్ బొమ్మ ఉంటుంది. పూర్వం దాన్ని అందరూ కప్పుకోవడానికి లేదు. అట్లాంటి విందు ఇచ్చినవారికి ఆ అర్హత వచ్చేది.

ఇది చదివినప్పుడు మాకు హాస్టల్ ఆదివారాలు గుర్తుకొచ్చాయి. ఇంటినుండి వచ్చిన క్యారియర్‌లో పెద్దకూర ఉంటే, మూత తీసేముందు అటూ ఇటూ చూసినవాళ్ళం మనలో ఎంతమందిమి! అక్కడ పంచినవానికి శాలువా. ఇక్కడ తిన్నవానికి హోటల్లో వేరే గ్లాసు పెట్టిన రోజులు మన తాతలు చూశారు. 2023లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ మిథున్‌ను ఆహార జంతువుగా గుర్తించింది. ఆ కొండల వారు దాన్ని ఎన్నడూ దాచుకొని తినలేదు.

అడవి తరిగేకొద్దీ మిథున్‌కు చోటు తగ్గుతోంది. నాగాలాండ్‌లోని మెడ్జిఫెమాలో 1988లో ఏర్పడిన జాతీయ మిథున్ పరిశోధన కేంద్రం, కొంత కట్టడిలో మేత పెట్టి పెంచే పద్ధతిని రైతులకు నేర్పుతోంది. మన ఊళ్ళలో బీళ్ళు పోయి పశువులు కొట్టానికి పరిమితమయ్యాయి, కరువు వస్తే సంతకు పోయాయి. ఆది గ్రామాల్లో మాత్రం మిథున్‌ను కట్టెయ్యరు. ఊరంతా కలిసి చేలవైపు కంచె వేస్తారు.