దారితప్పిన పావురము మరలి వచ్చుట

1997వ సంవత్సరము జూన్ 29వ తేదీ యుదయమున ఫ్రాన్సు దేశమందలి నాంత్ పట్టణమునుండి 60,000కుఁ బైఁబడిన పందెపుఁ బావురములను విడిచిరి. ఇంగ్లాండునందలి రాయల్ పిజియన్ రేసింగ్ అసోసియేషనునకు నూఱేండ్లు నిండిన సందర్భమున నడపిన పందెమది. వానిలోఁ బెక్కువేలు తమ గూండ్లను జేరనేలేదు. మాంచెస్టరు ప్రాంతమం దొక గృహస్థుని పావురమును నట్లే పోయెను. ఇంగ్లీషు కాలువను బలుమాఱు దాఁటి యనేక పందెములు గెలిచిన పక్షి యది. ఐదేండ్లు గడచిన పిదప, 2002లో, తన గూటికిఁ దానే వచ్చి చేరెను.

దీనిని స్వామిభక్తి యని పొగడుటకు మనకు మనసగును. చదువరులారా, పొగడుటకు ముందు విచారింపవలదా? పక్షి దారి నెట్లు కనుఁగొనును? తానున్న తావు గూటి కే వైపున నున్నదో తెలుపు పటమొకటి, ఆ వైపునకు నడపు దిక్సూచి యొకటి దానికిఁ గావలెనని జర్మను శాస్త్రజ్ఞుఁడు గుస్తావ్ క్రామర్ 1953లోఁ జెప్పెను. దిక్సూచి సంగతి చాలవఱకుఁ దేలినది. గదిలో దీపములచేఁ బగటివేళ నాఱుగంటలు మార్చి పెంచిన పావురమును ఎండలో విడిచినచో నది యించుమించుగా లంబకోణమంత ప్రక్కకుఁ దప్పి పోవును. అది సూర్యునిఁ జూచి తన లోపలి గడియారముతో సరిపోల్చుకొనుచున్న దనుటకు వేఱు నిదర్శన మేల? మబ్బు దినములకు భూమియొక్క అయస్కాంతశక్తి తోడ్పడును గాఁబోలు. అయస్కాంతపు ముక్కలు కట్టిన పావురము లట్టి దినములందు దారితప్పుటను విలియమ్ కీటన్ 1971లోఁ బ్రకటించెను.

పటము సంగతి యిప్పటికిని వివాదమే. ఇటలీలోని పీసా నగరమున ఫ్లోరియానో పాపీయు నాతని సహచరులును 1972లో, ఘ్రాణనాడులు ఖండింపఁబడిన పావురములు క్రొత్త తావునుండి మరలలేకపోవుటఁ జూపి, గాలి తెచ్చు వాసనలే యాధారమనిరి. అమెరికా భూశాస్త్రజ్ఞుఁడు జాన్ హాగ్‌స్ట్రమ్ మన చెవి కందని మంద్రధ్వనులే పటమని చెప్పి, 1997 పందెమునఁ బక్షులు చెదరుటకుఁ గాంకార్డు విమానపు ధ్వనిఘాతమును గారణముగాఁ జూపెను. ఇది యూహయే గాని తీర్పు గాదు.

ఆ యైదేండ్లు పావురమెచట నుండెనో యెవరికిని దెలియదు. అలసిన పందెపుఁ బక్షి పరుల గూటిలోఁ జేరి యచటనే నిలిచిపోవుట యరుదు గాదు. ఇతరులకడఁ గొన్న ముసలి పావురములను బెంపకందార్లు బయటికి విడువక బంధించి యుంతురు. విడిచినచో నేండ్లు గడచినను బాత గూటికే పోవునని వారెఱుఁగుదురు. వచ్చిన యొక్కదానిని గొనియాడువారు రాని వేలను దలఁపరు. వానిని సముద్రముపైఁ బంపినది మానవుని వినోదమే గదా! మీ పెరటిలోఁ గాలికి ఉంగరమున్న పావురము వ్రాలెనేని గింజలును నీళ్లును బెట్టి, ఒకటి రెండు దినములు విశ్రమింపనిండు. ఉంగరము మీఁది యంకెలను బట్టి దాని యజమానునకుఁ గబురంపవచ్చును.