వాక్యూమ్ ఛాంబర్‌లో చేరిన నూనె

అమ్మలూ,

ఫోటోలు చూశాను. ఛాంబర్ అడుగున మెరుస్తున్నది పంపు ఆయిలే. గుడ్డ పట్టుకునే ముందు అది ఏ దారిన వచ్చిందో తేల్చుకో. ఆ దారి మూయకపోతే ఎంత తుడిచినా మళ్లీ చేరుతుంది.

కరెంటు పోయి రోటరీ పంపు ఆగిందనుకో, లోపల వాక్యూమ్ ఇంకా ఉంటుంది కాబట్టి బయటి గాలి నూనెను గొట్టంలోకి నెట్టేస్తుంది. అప్పుడిలా మడుగు కడుతుంది. అందుకే ఛాంబర్ వాల్వు మూసి, పంపు కట్టేసిన వెంటనే పంపు వైపు గాలి వదలాలి. మీ ల్యాబులో రాత్రిపూట కరెంటు పోతే నువ్వు అక్కడ ఉండవుగా, ఆ పని తనంతట తానే చేసే వాల్వు పెట్టించమని మీ సారును అడుగు. ఇంకో దారి కంటికి కనబడదు. పీడనం 0.1 మిల్లీబారు కిందికి దిగాక ఎదురొచ్చే గాలి పలచబడి, నూనె ఆవిరి గొట్టం వెంట వెనక్కి పాకుతుంది. దాన్ని పట్టడానికి జియోలైట్ ట్రాప్ ఉండాలి.

ఇక కడగడం. ముందు ఓ-రింగులన్నీ తీసి పక్కన పెట్టు. వైటాన్ రబ్బరు అసిటోన్‌లో ఉబ్బిపోతుంది, వాటిని ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు. లోహపు భాగాల మీది నూనెను నూగు రాలని గుడ్డతో పొడిగానే వీలైనంత తీసెయ్యి. తర్వాత ఫ్యూమ్ హుడ్‌లో హెక్సేన్‌తో కడుగు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు: ద్రావకం పోసి, అక్కడే ఆరనిస్తారు. ద్రావకం ఎగిరిపోతుంది, అందులో కరిగిన నూనె పలచటి పొరగా మిగిలిపోతుంది. తడిగా ఉండగానే వంచి పారబోసి, కొత్త ద్రావకంతో మళ్లీ కడగాలి. ఆ తర్వాత ల్యాబు డిటర్జెంటు కలిపిన వేడినీళ్లు, డిస్టిల్డ్ వాటర్, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అల్యూమినియం భాగాలకు కాస్టిక్ తగలనివ్వకు, తినేస్తుంది. గ్లవ్స్ మారుస్తూ ఉండు.

డిస్టిల్డ్ వాటర్ పోసినప్పుడే చూడు. నీళ్లు పల్చగా పరుచుకుంటే శుభ్రం. తామరాకు మీదిలా బొట్లు కడితే నూనె ఇంకా ఉన్నట్టే, మళ్లీ హెక్సేన్ నుంచి మొదలుపెట్టు. ద్రావకం పూర్తిగా ఎగిరిపోయాకే భాగాలను ఆరబెట్టడానికి ఓవెన్‌లో పెట్టాలి, లేదంటే మంటలు లేవొచ్చు.

పంపు నూనె కూడా మార్చు. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 42 మిల్లీబార్ల దాకా ఉంటుంది. పంపు ఆ ఆవిరిని నొక్కేసరికి నీరై నూనెలో కలుస్తుంది, నూనె పాలలా తెల్లబడుతుంది. దీనికి విరుగుడు 1935లో వోల్ఫ్‌గాంగ్ గేడే కనిపెట్టాడు, అదే గ్యాస్ బ్యాలస్ట్. నొక్కే దశలో కొంచెం గాలి చొరనిస్తే, ఆవిరి నీరయ్యేలోపే వాల్వు తెరుచుకుని బయటికి పోతుంది. వానాకాలంలో పని మొదలెట్టే ముందు అరగంటసేపు బ్యాలస్ట్ తెరిచి పంపు నడుపు.

పాత నూనె, వాడిన హెక్సేన్ సింకులో పోయొద్దు. మురుగు వాగుల్లో పడితే చేరేది కొల్లేరుకే: ఏలూరు మీదుగా వెళ్లే తమ్మిలేరు అందులోనే కలుస్తుంది, ఆ సరస్సు 2002 నుంచి కాపాడాల్సిన చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో ఉంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, ఏం కలిసిందో చీటీ అంటించి వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకివ్వు.

అన్నీ బిగించాక రాత్రంతా నడిపి, పొద్దున్న గేజి ఎంత చూపిందో నాకు రాయి.

మీ పెదనాన్న
ఏలూరు