బతుకమ్మ పండుగ: చేను, చెరువు, సద్ది

వానకారు ముగిసి, ఆకాశము తేటపడి, చెరువులు నిండుకుండలవలె ఉండు కాలము ఆశ్వయుజము. తెలంగాణ పల్లెలలో ఆడపడుచులు పుట్టిండ్లకు చేరుకొని, తొమ్మిది దినములు పూలను పేర్చి, ఆడి, పాడి, నీట సాగనంపు బతుకమ్మ పండుగ ఈ కాలముననే వచ్చును. 2014లో ఇది తెలంగాణ రాష్ట్ర పండుగగా ప్రకటింపబడినది. బ్రతుకుతెరువునకై షోలాపురము, భివండి, సూరతు పట్టణములకు వెళ్ళిన నేతపనివారును, సముద్రములు దాటి వెళ్ళినవారును దీనిని మరువలేదు.

దీనిని పూల పండుగ అందురు. ఆ మాట నిజమే. కాని పూలతోపాటు ఆ తొమ్మిది దినముల ఫలహారములను గూడ పరిశీలించినచో, ఇది పంటల పండుగ అనియు తెలియగలదు. ఈ పూలు, ఈ ఫలహారములు, ఈ నీరు ఎక్కడినుండి వచ్చుచున్నవో, అవి మన బిడ్డల కాలమునకు గూడ దక్కుటకు మనము ఏమి చేయవలెనో ఈ వ్యాసమున విచారింతము.

పేరు, కథ

పండుగ పుట్టుకను గూర్చి పెద్దలు చెప్పు కథలు అనేకములు. వానిలో ఒకటి ధర్మాంగదుడను రాజు కథ. నూరుగురు కొడుకులను పోరులో పోగొట్టుకొని, రాజ్యమును కోల్పోయి, అడవులపాలైన ఆ రాజదంపతులు లక్ష్మీదేవిని ప్రార్థించిరనియు, దేవి వారికి కూతురై పుట్టగా మునులు వచ్చి ‘బతుకమ్మా’ యని దీవించిరనియు, ఆ దీవెనయే పేరైనదనియు చెప్పుదురు. కథ ఏదైనను అందలి కోరిక ఒక్కటే: పుట్టిన బిడ్డ బ్రతుకవలెను. కరవులు, మశూచివంటి రోగములు పసిబిడ్డలను కబళించిన కాలములో ఆ కోరిక ఎంత బరువైనదో మనము ఊహింపవచ్చును. బ్రతుకుటకు తిండి, నీరు కావలెను. ఈ పండుగ ఆచారములన్నియు ఆ రెంటి చుట్టును అల్లుకొని ఉన్నవి.

చెరువుగట్టు

తెలంగాణలో ఎక్కువ భాగము మెట్టప్రాంతము. కురిసిన వాననీటిని కట్టలు కట్టి నిలుపుకొనుట ఇచ్చటివారు పూర్వమునుండి అనుసరించిన ఉపాయము. కాకతీయుల కాలమున వెలసిన రామప్ప, లక్నవరము, పాకాల చెరువులు నేటికిని పొలములను తడుపుచున్నవి. రాష్ట్రమున 46 వేలకు పైబడి చెరువులు, కుంటలు గలవని లెక్క తేలగా, వానిని బాగుచేయుటకు 2015లో ‘మిషన్ కాకతీయ’ కార్యక్రమము ప్రారంభింపబడినది.

చెరువు నిండిననాడే రైతునకు యాసంగి పంటమీద ధైర్యము. ఏడాదిపాటు పశువులకు తాగునీరు, బావులకు ఊట, చాకిరేవునకు, చేపలకు ఆధారము ఆ చెరువే. అట్టి చెరువు నిండుగా కనబడు నెలలో ఊరి స్త్రీలందరు గట్టునకు చేరి, నీటికి పూలు సమర్పించుట ఎంతయు సహజము.

తొమ్మిది దినముల ఫలహారములు

భాద్రపద బహుళ అమావాస్యనాడు, అనగా పెత్రమాసనాడు, ఎంగిలిపూల బతుకమ్మతో పండుగ మొదలగును. ముందునాడే కోసి నీటిలో నిలువ ఉంచిన పూలతో పేర్చుటచే ఆ పేరు వచ్చినదని కొందరందురు. ఆనాటి ఫలహారము నువ్వులు, బియ్యపు నూకలు. రెండవనాడు అటుకులు, బెల్లము, చప్పిడిపప్పు. మూడవనాడు ముద్దపప్పు, పాలు, బెల్లము. నాలుగవనాడు నానబెట్టిన బియ్యము, పాలు, బెల్లము. ఐదవనాడు అట్లు. ఆరవనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు పూలు పేర్చుట లేదు, ఫలహారమును లేదు. ఏడవనాడు బియ్యపుపిండిని వేపకాయలవలె చేసి నూనెలో వేయింతురు. ఎనిమిదవనాడు వెన్న, నువ్వులు, బెల్లము కలిపి ముద్దలు చేయుదురు. తొమ్మిదవనాడు, దుర్గాష్టమికి, సద్దుల బతుకమ్మ. ఊరూర ఆచారభేదములు గలవు. కొన్ని యూళ్ళలో ఏడవనాడే సద్దులు జరుపుదురు.

సద్ది యనగా పొలమునకు పోవువారు మూటగట్టుకొను అన్నము. కడపటి దినమున పెరుగన్నము, చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరియన్నము, నువ్వులన్నము అని ఐదు విధముల సద్దులు కట్టుదురు. వీనితోపాటు సత్తులు, మలీద తప్పక ఉండవలెను. నువ్వులనుగాని, పెసలనుగాని, పల్లీలనుగాని, మొక్కజొన్నలనుగాని దోరగా వేయించి, దంచి, బెల్లము కలిపినచో సత్తుపిండి యగును. జొన్నరొట్టెనో, సజ్జరొట్టెనో, గోధుమరొట్టెనో వేడిమీద నలిపి, బెల్లము, నేయి కలిపినచో మలీద యగును. బతుకమ్మను నీట విడిచిన పిమ్మట స్త్రీలు ఒకరికొకరు వాయనముగా ఇచ్చుకొనునవి ఇవియే.

ఈ సత్తులకు ఆ నెలలోనే అంత ప్రాముఖ్యము ఏల? ఆశ్వయుజమున ఆబి వరి ఇంకను పొట్టతోనో, పాలకంకితోనో ఉండును. పాతగింజలు గాదె అడుగునకు చేరియుండును. కాని తొలివానలకు విత్తిన పెసలు, నువ్వులు అప్పటికే ఇల్లు చేరును. మొక్కజొన్న కంకులు విరుచుచుందురు; పునాస జొన్నలు చేతికి వచ్చుచుండును. వరికంటె ముందుగా వచ్చి ఇంటిని ఆదుకొనిన ఈ మెట్టపంటలే పండుగనాటి వాయనములైనవి.

అవి మంచి బలమైన ఆహారము గూడ. నువ్వులలో దాదాపు సగము నూనె. ఎముకలకు వలసిన సున్నము గూడ అధికము. పెసలలో నాలుగవ వంతునకు దగ్గరగా మాంసకృత్తులు గలవు. ధాన్యపు గింజలలో కొరతగానుండు మాంసకృత్తుల అంశమును పప్పుగింజలు పూరించును. పప్పులలోని కొరతను నువ్వులు కొంతవరకు తీర్చును. జొన్నరొట్టె మలీద, పెసరసత్తు, నువ్వులసత్తు కలసి తిన్న బిడ్డకు ఇవన్నియు ఒక్కపూటలో అందును. మన అవ్వలు శాస్త్రగ్రంథములు చదువకయే ఈ కూర్పును కనుగొనిరి.

పూలు పుట్టు చోటు

బతుకమ్మను పేర్చుటకు సిబ్బిలోగాని తాంబాళములోగాని గుమ్మడి ఆకులు పరచి, వరుసమీద వరుసగా తంగేడు, గునుగు, కట్ల, బంతి, చామంతి పూలను గోపురమువలె అమర్చుదురు. శిఖరమున గుమ్మడిపూవును, పసుపుగౌరమ్మను నిలుపుదురు. వీనిలో బంతి, చామంతి తోటపూలు. గుమ్మడి పెరటిపూవు. తంగేడు బీడులలో, గట్లమీద నీరు పోయకయే పెరుగు పొద. దాని వేళ్ళు గట్టుమన్నును పట్టియుంచును. దాని బెరడు తోళ్ళు పదునుచేయుటకు ఉపయోగించెడివారు. గునుగు జొన్నచేలలో కలుపుగా మొలచునది. లేతాకును కూరగా వండుకొందురు. విత్తనివాడు, నీరుపోసినవాడు లేని ఈ రెండు పూవులే బతుకమ్మకు ప్రధానములగుట గమనింపదగినది. కొనుటకు పైకము లేని ఇల్లాలు గూడ తన బిడ్డకు నిండైన బతుకమ్మను పేర్చి ఇయ్యగలుగుటకు ఇదియే కారణము.

నేటి స్థితి

ఇప్పుడు చాల ఊళ్ళలో జొన్నచేలు తగ్గి పత్తి, వరి విస్తరించినవి. కలుపుమందులు చల్లిన చేలలో గునుగు మొలవదు. గట్లు చెక్కివేయుటచే, బీడులు ఇండ్లస్థలములగుటచే తంగేడు దూరమగుచున్నది. ఊరిచుట్టును ఉచితముగా దొరకిన పూలను అంగడిలో కొనవలసి వచ్చుచున్నది. ఇంట పండిన నువ్వులకు, పెసలకు మారుగా దుకాణమునుండి పొట్లములు వచ్చుచున్నవి. చెరువు పూడినచో బతుకమ్మను సాగనంపుటకు మోకాలిలోతు నీరైనను కరవగును. పాట మిగిలినను, అది చెప్పు చేను, చెరువు మిగులకున్న పండుగకు ఆధారమేమి?

మనము చేయదగిన పనులు

పత్తి వేయు రైతు దానిని మానుకొననక్కరలేదు. చేని అంచున నాలుగు సాళ్ళు జొన్న, రెండు సాళ్ళు నువ్వులు, పెసలు విత్తినచో ఇంటికి సత్తులు, మలీద దక్కును. పశువులకు చొప్ప దొరకును. ఆ సాళ్ళలో కలుపుమందు చల్లక చేతితో కలుపు తీయుచు, గట్టుప్రక్క గునుగును కొంత విడువవలెను. అది గింజ రాల్చినచో మరు ఏడు మరల మొలచును.

తంగేడును వేరుతో పెరుకక, పూలకొమ్మలను మాత్రము కత్తిరింపవలెను. ఊరి బీడులో, బడి ఆవరణపు అంచున తొలకరికి దాని గింజలు చల్లుట సులభమైన పని. గుమ్మడిలో కింద చిన్న పిందె లేక పొడుగైన కాడతో ఉండు మగపూలను కోయవలెను. వానిలోను కొన్నిటిని పుప్పొడికై తీగెమీద ఉంచినచో పూవును దక్కును, కాయయు దక్కును.

గునుగునకు రసాయనిక రంగులు అద్దుటకంటె పసుపునీటిలో ముంచుట మేలు. పసుపులో సున్నము కలిపిన ఎరుపు వచ్చును. కాగితపు పూలు, ప్లాస్టిక్ సంచులు చెరువులో వేయరాదు. పండుగకు ముందే గ్రామపంచాయతీ వారు గట్టున తుమ్మకంప తొలగించి, మెట్లు బాగుచేసి, దీపములు ఏర్పాటు చేయవలెను. నిండుచెరువు లోతైనది, పిల్లలను నీటిలోనికి దిగనీయక, ఈత తెలిసిన ఇద్దరు ముగ్గురిని అచ్చట నిలుపవలెను.

ఈ యేడు సద్దులనాడు వాయనము అందుకొనునపుడు, ఇది ఎవరి చేనిలో పండినదని అడుగుదము. ‘మన చేనిలోనే’ యని చెప్పగలిగిన ఇల్లాలు వచ్చే పండుగకు విత్తనముగా దోసెడు నువ్వులు, దోసెడు పెసలు ఇరుగుపొరుగునకు పంచిపెట్టవలెను. వాయనముతోపాటు విత్తనము గూడ చేతులు మారిననాడు ఊరిలోని ప్రతి ఇంటను బతుకమ్మ బ్రతుకును.