ఘంటసాల పాటలకు ఓటు: ఒక రికార్డింగ్ షాపు అనుభవ పాఠాలు

క్యాసెట్ల రోజుల్లో నాది రికార్డింగ్ షాపు. జనం ఖాళీ క్యాసెట్టు, పాటల చీటీ తెచ్చి ఇస్తే రికార్డుల మీంచి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. ఫిబ్రవరి 11న ఘంటసాల గారి వర్ధంతికి ఊళ్లో అభిమానుల చేత ఓట్లు వేయించి, నెగ్గిన పాటలతో క్యాసెట్టు చేసేవాళ్లం. ఇప్పుడు మా వీధి పిల్లలు అదే పని ఫోన్లో చేస్తామంటున్నారు. ఇవి వాళ్ల కోసం.

1. ఒక్క పాట చెప్పమని అడగకండర్రా, పది రాయమనండి. మొదటి నాలుగూ ఎవరి చీటీలో చూసినా పాతాళభైరవి, దేవదాసు, మాయాబజార్, జగదేకవీరుని కథ. ఐదో పాట దగ్గర కలం ఆగుతుంది, మనిషి పైకి చూసి ఆలోచిస్తాడు. అక్కణ్ణుంచి రాసేవే అతని సొంత పాటలు. నేను ఆ కింది సగమే ముందు లెక్కపెట్టేవాణ్ణి.

2. పద్యాలకు వేరే చీటీ పెట్టండి. పాటలు అడిగితే పద్యాలు ఎవరికీ గుర్తు రావు. సినిమా పేరుతో అడిగితే పుష్పవిలాపం, కుంతీ విలాపం అసలే రాలిపోతాయి, అవి ప్రైవేటు రికార్డులు కదా. పద్యాలు లేని ఎంపికను ఘంటసాల ఎంపిక అనడానికి నాకు మనసొప్పదు. నాటకాల్లో పద్యం చివర రాగం సాగదీసి వన్స్‌మోర్ కొట్టించుకునే కాలం అది. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర శాస్త్రీయంగా నేర్చుకున్న ఈయనకు రాగం సాగదీయడం చేతకాకా? అయినా సాగదీయలేదు, మాటకు పెద్దపీట వేశారు. కరుణశ్రీ రాసిన పుష్పవిలాపంలో పువ్వు గోడు ప్రతి అక్షరమూ విడివిడిగా చెవిన పడుతుంది. చదువు రాని ముసలమ్మలు మా షాపు మెట్ల మీద కూర్చుని, అర్థం ఎవర్నీ అడక్కుండానే కళ్లు తుడుచుకునేవాళ్లు.

3. భగవద్గీతను ఓటుకు పెట్టకండి. 700 శ్లోకాల్లోంచి నూటికి పైచిలుకు ఏరి, తాత్పర్యంతో పాడిన రికార్డు అది. ఆయన 1974లో పోయాకే బయటికొచ్చింది. ఇవాళ అది వినబడితే ఎవరింట్లో ఏమైందోనని గుమ్మంలోకి వస్తాం. దాన్ని యుగళగీతాల మధ్య ఇరికించవద్దు, విడిగా వినిపించండి.

4. మాకు క్యాసెట్టుకు ఒక్కో వైపు 30 నిమిషాలో 45 నిమిషాలో, అంతే. టేపు మొదట్లో రికార్డు కాని ముక్క కొంచెం ఉంటుంది. దాన్ని పెన్సిల్‌తో ముందుకు తిప్పకపోతే పల్లవిలో మొదటి మాట ఎగిరిపోతుంది. చివర చోటు చాలకపోతే శివశంకరి లాంటి పెద్ద పాటను అవతలి వైపు మొదట్లో వేసేవాణ్ణి తప్ప మధ్యలో కోసేవాణ్ణి కాదు. మీకు చోటుకు కరువు లేదు. అయినా హద్దు పెట్టుకోండి. హద్దు లేకపోతే ఎవరూ దేన్నీ వదులుకోరు, ఏది ఎక్కువ ఇష్టమో తేలదు.

5. ప్రతి పాట పక్కనా రాసినవాళ్ల పేరు, బాణీ కట్టినవాళ్ల పేరు వేయండి. ఓటు గొంతుకు పడుతుంది కానీ దేవదాసు సంగీతం సి.ఆర్. సుబ్బరామన్‌ది. 1953లో ఆ సినిమా విడుదలయ్యేనాటికే ఆయన లేరు. జగదేకవీరుని కథకు మాట పింగళిది, బాణీ పెండ్యాలది. మాయాబజార్‌కు సంగీతం ఘంటసాలదే అయినా కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారివి. ఈ పేర్లన్నీ సరిచూసుకున్నాకే జాబితా బయటపెట్టండి, ఒకరోజు ఆలస్యమైనా ఫర్వాలేదు.