పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి?

యాదమ్మది పాలమూరు జిల్లా. బతుకుతెరువు కోసం హైదరాబాదు వచ్చింది. భర్త మేస్త్రీ పని చేస్తాడు. యాదమ్మ నాలుగు ఇళ్ళలో పని చేస్తుంది. వాళ్ళకు ఇద్దరు పిల్లలు. రేణుకకు తొమ్మిదేళ్ళు. చందుకు ఆరేళ్ళు. బస్తీలో ఒకే గది. గది ముందు సన్నని గల్లీ.

ఒకరోజు సాయంత్రం చందు గల్లీలో బంతి ఆడుతున్నాడు. మూల మలుపులోంచి మోటారు సైకిలు దూసుకు వచ్చింది. చందు కింద పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. బండి ఇంకో జానెడు ఇటు వస్తే ఏమయ్యేదో!

ఆనాటి నుంచి యాదమ్మ పిల్లలను బయటికి పోనివ్వలేదు. బడి నుంచి రాగానే గదిలో ఉంచి తలుపు వేసేది. చేతికి ఫోను ఇచ్చేది. నెల గడిచింది. చందుకు ఆకలి తగ్గింది. రాత్రి తొందరగా నిద్ర పట్టదు. ఊరికే అక్కతో కొట్లాట.

పక్కింటి ఫాతిమా అడిగింది.

"యాదమ్మక్కా, పిల్లలు కనిపిస్తలేరు. ఊరికి పంపినవా?"

"ఏడికి పంపుత? ఇంట్లనే ఉన్నరు. బయట బండ్ల భయం. మన చిన్నప్పుడు చెరువు గట్టు మీద, చింతచెట్టు కింద ఆడినం. ఈ పట్నంల జాగా ఏడుంది?"

"ఉంటది అక్కా. మనం వెతకలేదు. ఇప్పుడు మనకు బోర్డులు చదవడం వచ్చు గద! ఆదివారం ఇద్దరం పోయి చూద్దాం."

ఆట ఎందుకు?

కొందరు పెద్దలు అంటారు: "ఆటలతో కడుపు నిండుతుందా?" అన్నం ఎంత అవసరమో పిల్లలకు ఆట కూడా అంత అవసరం. ఆడితే ఎముకలు, కండరాలు గట్టిపడతాయి. ఆకలి వేస్తుంది. నిద్ర పడుతుంది. నలుగురితో కలిసిమెలిసి ఉండడం వస్తుంది. ఓడినా తట్టుకోవడం వస్తుంది.

5 ఏళ్ళ నుంచి 17 ఏళ్ళ వరకు పిల్లలు రోజుకు కనీసం ఒక గంట ఒళ్ళు అలిసేలా ఆడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మాట చెబుతోంది.

ఆట పిల్లల హక్కు కూడా. 1989లో ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక చేసింది. అందులో ఆడుకునే హక్కు ఉంది. 1992లో మన దేశం ఆ ఒడంబడికలో చేరింది. ఈ హక్కు మగపిల్లలకే కాదు. ఆడపిల్లలకు కూడా ఉంది.

వెతకడం మొదలైంది

ఆదివారం ఇద్దరూ బయలుదేరారు. పిల్లలు కూడా వెంట వచ్చారు. ముందుగా ఇంటికి దగ్గరలో చూశారు. పది నిమిషాలు నడిస్తే చేరే చోటు అయితేనే రోజూ పోవడానికి వీలవుతుంది.

మొదట సర్కారు బడి కనిపించింది. లోపల మైదానం ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి. బడి అయిపోయాక పిల్లలను ఆడనిస్తారా? హెడ్మాస్టరును అడగాలి అనుకున్నారు.

తర్వాత ఒక చిన్న పార్కు కనిపించింది. గేటు మీద వేళలు రాసి ఉన్నాయి. ఫాతిమా కూడబలుక్కుని చదివింది. లోపల ఉయ్యాల, జారుడు బండ ఉన్నాయి. కానీ అక్కడికి పోవాలంటే పెద్ద రోడ్డు దాటాలి. పెద్దవాళ్ళు తోడు ఉండాలి.

తిరిగి వస్తుంటే బస్తీ చివర ఖాళీ జాగా ఉంది. చెత్త కుప్పలు, ముళ్ళ కంపలు. ఒక మూల తుప్పు పట్టిన బోర్డు. యాదమ్మ మూడేళ్ళుగా ఆ దారినే పనికి పోతోంది. ఏనాడూ ఆ బోర్డు వైపు చూడలేదు. ఇప్పుడు ఆగింది. ఒక్కొక్క అక్షరం కలుపుకుని చదివింది.

"ఈ స్థలం... పార్కుకు... కేటాయించినది. ఆక్రమించరాదు."

యాదమ్మ కాసేపు అక్కడే నిలబడింది.

"ఫాతిమా, ఇది మన పిల్లల జాగానే! ఇన్నాళ్ళు మన కళ్ళ ముందరే ఉంది."

మంచి ఆటస్థలం ఎట్లా ఉండాలి?

పార్కు పెద్దదైతే చాలదు. మీ పిల్లలను పంపే ముందు మీరే చూడండి.

1. నేల: ఉయ్యాల, జారుడు బండ కింద ఇసుక లేక మెత్తని మట్టి ఉండాలి. సిమెంటు, బండలు ఉండకూడదు. ఆటస్థలంలో ఎక్కువ దెబ్బలు కింద పడడం వల్లే తగులుతాయి.

2. ఇనుము: గొలుసులు తుప్పు పట్టాయా? అంచులు కోసుకుపోతాయా? ఎండాకాలంలో జారుడు బండను ముందు మీ చేత్తో తాకి చూడండి. ఇనుప రేకు కాలితే పిల్లల తొడలు బొబ్బలెక్కుతాయి. సాయంత్రం చల్లబడ్డాక తీసుకుపోండి.

3. చుట్టుపక్కల: తెరిచిన మోరీ, మూత లేని సంపు, వేలాడే కరెంటు తీగలు ఉన్నాయా? కుక్కల గుంపులు తిరుగుతాయా?

4. నీళ్ళు, మరుగుదొడ్డి: ఇవి లేకపోతే ఆడపిల్లలు ఎక్కువసేపు ఉండలేరు.

5. చూపు: మీరు కూర్చున్న చోటు నుంచి పిల్లలు కనిపించాలి. చీకటి పడే వేళకు లైటు ఉండాలి.

ఇంకో మాట. జారుడు బండ ఎక్కే ముందు చున్నీ, మెడలో తాడు తీసివేయాలి. అవి ఇరుక్కుంటే గొంతు బిగుసుకుంటుంది. ఊగుతున్న ఉయ్యాలకు ముందు గానీ వెనక గానీ నిలబడకూడదని పిల్లలకు చెప్పండి.

సెలవు రోజున

అప్పుడప్పుడు పెద్ద పార్కులకు కూడా పోవచ్చు. నాంపల్లిలో అసెంబ్లీ పక్కన పబ్లిక్ గార్డెన్స్ ఉంది. దాని పాత పేరు బాగే ఆమ్. అంటే అందరి తోట. అక్కడే జవహర్ బాల భవన్ ఉంది. పిల్లలకు పాట, నాట్యం, బొమ్మలు గీయడం నేర్పుతారు. దోమలగూడలో ఇందిరా పార్కు ఉంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. కొన్ని పార్కులకు టికెట్టు ఉంటుంది. గేటు దగ్గర ధర, వేళలు చదువుకోండి.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు, ఆడపిల్లలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. మగపిల్లలకు ఈ పథకం వర్తించదు.

అర్జీ రాశారు

యాదమ్మ బస్తీ ఆడవాళ్ళను కూడగట్టింది. అందరూ కలిసి అర్జీ రాశారు.

"మునిసిపల్ అధికారి గారికి,
మా బస్తీ చివర పార్కుకు కేటాయించిన స్థలం ఉంది. అందులో చెత్త వేస్తున్నారు. మా పిల్లలు గల్లీలో ఆడి దెబ్బలు తగిలించుకుంటున్నారు. స్థలం శుభ్రం చేయించి, చుట్టూ కంచె, ఒక లైటు, ఉయ్యాల పెట్టించగలరు.
ఇట్లు,
బస్తీ మహిళలు."

కింద ఇరవై రెండు సంతకాలు. ఒక్క వేలిముద్ర కూడా లేదు!

అర్జీ రెండు ప్రతులు రాశారు. ఒకటి ఇచ్చారు. రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకున్నారు.

మొదటిసారి "వచ్చే వారం రండి" అన్నారు. రెండోసారి "సారు లేరు" అన్నారు. మూడోసారి ఇరవై రెండు మంది కలిసి పోయారు. ఫాతిమా అంది: "ఈ స్థలం వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడుగుతాం."

ఈ చట్టం 2005లో వచ్చింది. లేఅవుట్ నక్షాలో ఆ స్థలం దేనికని రాసి ఉందో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు రుజువు చూపితే రుసుము ఉండదు.

పది రోజులకు ట్రాక్టరు వచ్చింది. చెత్త ఎత్తుకుపోయారు. ముళ్ళ కంప బస్తీ వాళ్ళే కొట్టివేశారు. లైటు వచ్చింది. ఉయ్యాల ఇంకా రాలేదు. అర్జీ ప్రతి యాదమ్మ పెట్టెలో భద్రంగా ఉంది. మళ్ళీ అడుగుతారు.

ఇప్పుడు సాయంత్రం ఇద్దరు తల్లులు వంతుల వారీగా కాపలా కూర్చుంటారు. చందు ఏడు పెంకులాట ఆడతాడు. రేణుక మాత్రం మొదట్లో గిన్నెలు తోముతూ ఇంట్లోనే ఉండేది.

"ఆడపిల్లకు ఆటలు ఎందుకు?" అన్నాడు తండ్రి.

"చందు గూడ రెండు గిన్నెలు తోముతడు. అప్పుడు ఇద్దరూ ఆడుకుంటరు" అంది యాదమ్మ.

రేణుక ఇప్పుడు ఖోఖో ఆడుతోంది. తనను పట్టుకోవడం ఎవరి తరం కాదు.

ఆలోచించండి, చర్చించండి

1. మీ పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు? ఆ చోటు భద్రమేనా?
2. మీ బస్తీలో ఖాళీ జాగా ఉందా? అక్కడ బోర్డు ఉందా? ఏమని రాసి ఉంది?
3. మీ ఇంట్లో ఆడపిల్లకు రోజూ ఆడుకునే వేళ ఉందా?
4. మీ బస్తీ ఆటస్థలం కోసం ఒక అర్జీ రాయండి. కింద మీ సంతకం పెట్టండి.